చిప్పుల పోటీకి ఈల వేసిన మాస్టారు

అయ్యలారా, అమ్మలారా! సముద్రాల అవతల రెండు కంపెనీలు కంప్యూటరుకు మెదడులాంటి గోరంత చిప్పు కోసం కొట్టుకుంటుంటే, మన ప్రత్తిపాడు సెంటర్లో నిలబడి ఈల వేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆ కంప్యూటర్ మాస్టారు మొన్న గురువారం గుండె ఆగి పోయారు. ఆయన దగ్గర నేర్చుకుంటున్న పన్నెండు మంది ఆడపిల్లల చదువు సగంలో నిలిచిపోయింది.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో ఒకరోజు, నేను ప్రవచనం ముగించి గ్రంథం మూట కట్టుకుంటుంటే మాస్టారు ఈల వేసి, పేపరు ఊపుకుంటూ వచ్చారు.

"స్వామీ, చిన్న కంపెనీ చిప్పు వేగంలో పెద్ద కంపెనీదాన్ని దాటేసింది!"

"దాటితే మనకేంటయ్యా?"

"అదేంటి స్వామీ! వాళ్ళు పోటీ పడి ధర తగ్గిస్తేనేగా మన పిల్లల చేతికి కంప్యూటరు అందేది!"

ఆ ఊపులోనే తను పాఠాలు చెప్పబోయే గదికి ఆరు కంప్యూటర్లు, చిన్న కంపెనీ చిప్పుతోనే కావాలని గుంటూరులో చెప్పి వచ్చారు. క్లాసులు మొదలుపెట్టే రోజు దగ్గరపడింది. సరుకు రాలేదు. టీ కొట్టు దగ్గర ఓ మిరప రైతు చురక అంటించాడు.

"ఏం మాస్టారూ, గెలిచిన గుర్రం ఇంకా గుంటూరు దాకా రాలేదా?"

ఆయన పగలబడి నవ్వారు. "నిరుడు మిరప విత్తనం కోసం కొట్టు ముందు చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నావుగా? విత్తనం మంచిది కాకనా దొరకలేదు? దాన్ని పండించే చేను చాలక! ఇదీ అంతే. చిన్నోడి ఫ్యాక్టరీ ఎంత చేసినా అడిగేవాళ్ళకి చాలట్లా. పెద్దోడికి దేశదేశానా ఉన్నాయి!"

మర్నాడే వెళ్ళి పెద్ద కంపెనీవే తెచ్చేశారు. "పంతం కన్నా అదును పెద్దది స్వామీ!" అన్నారు. ఇన్నేళ్ళు శాస్త్రాలు తిరగేసి నేను అంత సూటిగా చెప్పలేకపోయిన మాట అది!

ఆ గది గుమ్మంలో ఎప్పుడూ నీళ్ళ బకెట్టు. కాళ్ళు కడగందే నన్నూ రానిచ్చేవారు కాదు. "చిప్పు చేసే చోట ఒక్క దుమ్ము రేణువు పడినా సరుకు పాడే స్వామీ! అక్కడ తలనుంచి కాలిదాకా తెల్లబట్ట తొడుక్కుని చేస్తారు పని." మడి, మడి అని మైకులో అరిచే నాకు మడి అర్థమైంది ఆ గుమ్మంలోనే!

పోయేముందు రోజు కూడా రోడ్డు అవతల నుంచి కేక. "చిన్నోడు కొత్త ఫ్యాక్టరీ కడుతున్నాడు స్వామీ! ఇక చూడు తమాషా!"

ఆ తమాషా ఆయన చూడలేదు. పిల్లల పరీక్ష వచ్చే నెల. నిన్న వెళ్ళి చూశాను. తాళం వేసిన గది అరుగు మీద కూర్చుని, కాగితంపై కీబోర్డు గీసుకుని, దానిమీదే వేళ్ళు ఆడిస్తున్నారు. కంప్యూటరు విద్య చదివి ఇంట్లో కూర్చున్న బిడ్డలారా, మీరెక్కడ? విద్య దాచుకోవడం పాపమని ఏ శాస్త్రం చెప్పలేదు? రేపనకండి. నేర్పేవాళ్ళు వస్తేనే తీయమని ఆయన ఇంటివాళ్ళు తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఈ పూటే రండి, ఆ తలుపు తీయండి!