చాప చంకన పెట్టుకుని భువనగిరికి

పొద్దున ఆరున్నర బస్సుకు మా అక్క యాదమ్మ చాప చంకన పెట్టుకుని, మూడు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు, సకినాలు, తొక్కు మూటగట్టుకుని వచ్చింది. భువనగిరి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళడమంటే మా వైపు అంతే. మొదటి రోజు దరఖాస్తు, రెండో రోజు పాత పుస్తకాలు తిరగేయడం, మూడో రోజు సంతకం. పడక వరండాలో.

మాకున్నది రెండు రోజులే. ఇంటి జాగా మీద ఏ తాకట్టూ లేదని చూపే ఈసీ మర్నాటి సాయంత్రంలోగా ఇస్తేనే చేనేత సంఘం అక్కకు మగ్గం షెడ్డు కట్టిస్తుంది. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. బావ పోయాక అక్క ఒక్కతే నేస్తోంది. వాన పడితే గుంట మగ్గంలోకి నీళ్ళు దిగి పడుగంతా పాడవుతుంది. ఇది అయ్యే పని కాదని నాకు అనిపిస్తూనే ఉంది. అక్కతో అనలేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

పక్క సీటు ముసలాయన ఎక్కడికని అడిగితే చెప్పాను. "ఇద్దరున్నరు గదా, ఒక్క చాపనే తెచ్చిండ్రా?" అని జాలిపడ్డాడు.

ఎనిమిదింటికి దిగి, కోట గుట్ట కనబడే హోటల్లో టీ తాగి, ఆఫీసు తెరిచే వేళకే వరుసలో నిలబడ్డాం. ఎప్పుడూ బీరువాలుండే గదిలో కొత్తగా కంప్యూటర్లు పెట్టారు. కౌంటర్‌లోని అమ్మాయి దరఖాస్తు తీసుకుని కూర్చోమంది. అక్క వరండాలో నీడ చూసి చాప పరిచింది. నడుం వాల్చిందో లేదో లోపలినుంచి పిలుపొచ్చింది. వెళ్తే కాగితం సిద్ధం, సంతకంతో సహా!

అక్క చెయ్యి చాపలేదు. "పుస్తకం తియ్యలే, ఏం తియ్యలే. ఎవలిదో ముందుగాల్నే చేసిపెట్టిన్రు గావచ్చు తమ్మీ. జర సదువు," అంది.

చదివాను. కొన్నవారి చోట బావ పేరుంది. తూర్పు హద్దు ఖాజామియా ఇల్లు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా ఖాజన్న ఇల్లు గూడ ఎరుకేనా గీ డబ్బాకు," అని నవ్వింది. ఇన్నేళ్ళూ ఆ ఆఫీసును నోరారా తిట్టిన నేను ఆ రోజు గుమ్మం దాటుతూ దండం పెట్టాను. సంతోషంతో ఒళ్ళు తేలిపోతోంది.

పదకొండున్నర బస్సులో తిరుగు ప్రయాణం. మూడు రోజుల తిండి ఏం చేసుకుంటాం? అక్క మూట విప్పి బస్సంతా పంచింది. కండక్టర్ సకినం కొరుకుతూ పెండ్లెవరిదని అడిగాడు.

"నా మగ్గానికి ఇల్లొచ్చింది బిడ్డా," అంది అక్క.

ఊళ్ళో బస్సాగేది సంఘం ఆఫీసు ముందే. అక్క ఇంటికైనా పోకుండా నేరుగా లోపలికి నడిచింది. అధ్యక్షుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత తొందరగా ఎట్లా తెచ్చారని రెండుసార్లు అడిగి, షెడ్డు ఆమెకే ఖాయం చేశాడు.

ఈసీ కోసం భువనగిరి వెళ్ళేవారికి నా సలహా ఒక్కటే. సద్ది కట్టుకోండి, దారిలో పంచడానికి పనికొస్తుంది. చాప మాత్రం వద్దు. మాది ఆ వరండాలోనే మరిచిపోయి వచ్చాం. ఇంటి గడప దాకా ఇద్దరిలో ఎవరికీ గుర్తే రాలేదు.