విమానం కింద కర్రి పరుగు

ఈ ఉదయం మైదానంలో ఒక పిల్లకుక్కకు కర్ర దూకడం నేర్పుతుంటే నెత్తి మీదుగా విమానం వెళ్లింది. ఆ మోత చెవుల కంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది. అది విన్న ప్రతిసారీ నా కుడిచెయ్యి దానంతటదే కిందికి జారబోతుంది. అప్పుడు మల్లయ్య తాత గుర్తొస్తాడు.

2012లో హిమాయత్ సాగర్ దగ్గర ఒక కుక్కల వసతిగృహంలో పనిచేసేదాన్ని. విమానం ఎక్కబోయేవాళ్లు తమ కుక్కల్ని మా దగ్గర వదిలిపోయేవారు. అంతకు రెండేళ్ల ముందు కుక్కల గూళ్లు కడగడంతో మొదలుపెట్టి, ఆ ఏడాదే శిక్షకురాలినయ్యాను. దాంతో నా నడకే మారిపోయిందని అమ్మ ఎగతాళి చేసేది. మల్లయ్య తాత అక్కడ కాపలాదారు. కొత్వాల్‌గూడ మనిషి, నలభై ఏళ్లు గొర్రెలు కాసినవాడు. కుక్కను పిలవడానికి ఆయన నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు.

కర్రిని తెచ్చింది ఆయనే. గగన్‌పహాడ్ గోదాముల దగ్గర లారీ తగిలి పడి ఉన్న నల్లటి ఊరకుక్క అది. కాలు బాగుపడింది గానీ వసతిగృహం నడిపే మా సార్‌కు అది అక్కడ ఉండటం నచ్చలేదు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన, కోపంలో కూడా మర్యాద తప్పరు. "ఇదేమన్నా ధర్మసత్రమా అండీ?" అన్నారు తాతతో. నేనే అడ్డుపడ్డాను. శంషాబాద్‌లో కుక్కలకు అడ్డంకుల పరుగు పోటీ పెడుతున్నారని, దానికి కర్రిని తయారు చేస్తానని గొప్పగా చెప్పాను. "సరే, చివరిదాకా ఆగకుండా పరిగెత్తితే ఇక్కడే ఉంటుంది. లేదంటే ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడే వదిలేయండి," అన్నారు. అంటే లారీలు తిరిగే రోడ్డు మీద.

అలాంటి పోటీని మేమిద్దరం ఎన్నడూ చూసినవాళ్లం కాదు. డ్రిప్ పైపులతో దూకే అడ్డంకులు కట్టాం. యూరియా సంచులు విప్పి, తాత దబ్బనంతో కుట్టి సొరంగం చేశాడు. ఇక నేను పొద్దంతా చెయ్యి చాచి "దూకు, దూరు, మళ్లు" అంటూ గొంతు చించుకునేదాన్ని. తాత మూతి విరిచేవాడు.

"గంత ఒర్లుడెందుకు బిడ్డా? గొర్ల కాడ కుక్క గుట్టకు గా పక్కన ఉంటది. నా గొంతు ఆడిదాంక పోతదా? చెయ్యి సూపిస్త. చెయ్యి ఎటు పోతే అది అటు పోతది."

"పోటీల అందరు అరుస్తరు తాతా."

"అరవనీ."

నేను వినలేదు. శిక్షకురాలిని కదా. మా మైదానం మీదుగా విమానాలు దిగేవి. మోత వస్తే నా గొంతు నాకే వినపడదు కాబట్టి, నోరు మూసి, చెయ్యి దించి నిలబడేదాన్ని. కర్రి కూడా ఆగి కూర్చునేది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయి బిస్కెట్టు పెట్టేదాన్ని.

పోటీ ఒక బడి మైదానంలో. చున్నీ నడుముకు బిగించి నిలబడ్డాను. ఈల వేయగానే కర్రి మూడు కర్రలు దూకింది, సొరంగంలో దూరి అవతల తేలింది. ఇంకా రెండు కర్రలే ఉన్నాయనగా విమానం వచ్చింది. నా నోరు మూతపడింది. చెయ్యి దిగింది. కర్రి మైదానం మధ్యలో చక్కగా కూర్చుని, బిస్కెట్టు కోసం నా వైపు చూసింది. జనం నవ్వారు. మోత తగ్గేలోపు సమయం అయిపోయింది.

బయటికి రాగానే దాన్ని కొట్టబోయాను. తాత నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇమానమొస్తే రోజు ఏం జేస్తవ్ నువ్వు?"

నేను చెయ్యి విడిపించుకోబోయాను.

"చెయ్యి దించుతవ్. అది కూసుంటది. గదే గదా నేర్పినవ్."

ఇంతలో సార్ వచ్చారు. "ఏమైంది స్వరూపా? కుక్క మొరాయించిందా?"

అవునంటే చాలు, నా ఉద్యోగానికి ఢోకా లేదు, కర్రి రోడ్డు మీద పడుతుంది. నా తప్పంటే నేను మళ్లీ గూళ్ల దగ్గరికి పోవాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాసేపు ఆలోచించాను. తాత నా వైపు చూడలేదు. కర్రి చెవి వెనక గోకుతున్నాడు.

"తప్పు నాదే సార్. నేను నేర్పిందే అది చేసింది."

సార్ కర్రిని, నన్ను మార్చి మార్చి చూశారు. "అయితే దాన్నెందుకు పంపడం? ఉండనివ్వండి. నువ్వు మాత్రం రేపటి నుంచి గూళ్లు చూసుకో," అన్నారు.

ఎనిమిది నెలలు కడిగాను. అవమానంగానే ఉండేది. పని అయ్యాక సాయంత్రం తాత మమ్మల్నిద్దరినీ మైదానంలోకి పిలిచేవాడు. "ఇగ నోరు తెరవకు," అనేవాడు. విమానం వస్తే తన చేతికర్రను నా మోచేతి కింద ఆనించేవాడు, చెయ్యి దిగకుండా. కొన్నాళ్లకు కర్రి ఆ మోతలోనే దూకడం నేర్చుకుంది.

తాత 2014లో పోయాడు. కర్రి ముసలిదయ్యేదాకా మా దగ్గరే ఉంది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లు కుక్క మాట వినడం లేదని ఫిర్యాదు చేస్తే, ముందు మీ చెయ్యి ఏం చేస్తోందో చూసుకోండి అంటాను. నాకూ ఆ మాట రోజూ అవసరమే.

ఈ ఉదయం విమానం దాటిపోయేదాకా చెయ్యి గాలిలోనే ఉంచాను. మోచేతి కింద కర్ర లేదు. పిల్లకుక్క ఒకసారి నా చెయ్యి వైపు చూసి, దూకింది.