నా కడుపునొప్పికి మీరు చేసిన ప్రార్థన

సహోదరులారా, ఈ రోజు నేను నవ్వించడానికి నిలబడలేదు, నాకు కోపంగా ఉంది, ముందు నా మీద, తర్వాత మీ మీద!

పలకల గనిలో నడుం దెబ్బతిని పని పోయినప్పటి నుంచి నాకు బతకాలనిపించలేదు, అయినా ఆదివారం వచ్చి జోకులేసేవాణ్ణి, మీరు పడీపడీ నవ్వేవారు. మన మందిరంలో ప్రార్థన చీటీలు అందరి ముందూ చదువుతారు గదా, ఆ సిగ్గుకు నేను 'ఏసోబుకు కడుపునొప్పి' అని రాసేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఆ అబద్ధం మాత్రం తప్పుల్లేకుండా రాశాను! మీరు కన్నీళ్లతో ప్రార్థించారు, ఇంత ప్రార్థన అందుకున్న కడుపు ఈ బేస్తవారిపేటలో ఇంకోటి లేదు. నేను మాత్రం లోపల, "ప్రభువా, వీళ్లు చెప్పే చోట కాదు, కొంచెం పైన చూడు" అనుకునేవాణ్ణి.

ఒకసారి సంఘపెద్ద చెవిలో అసలు మాట వేశాను.

"ఛీ, ఆ మాట నోట రానీయొద్దురా, పాపం! అందర్నీ నవ్వించేటోడివి, నీకేమైందిరా?" అన్నాడు.

నవ్వించేవాడికి ఏడుపు రాదని ఏ వాక్యంలో ఉందయ్యా!

నా భార్య మరియమ్మ కడుపు చూపించడానికే నన్ను మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. కడుపులో ఏమీ లేదని తేల్చి, వాళ్లు మానసిక డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

"మేడమ్, నా పిచ్చికి మీ బిళ్లలు చాలవు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అంది, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా!

మరియమ్మ మధ్యలో అడ్డమొచ్చింది. "అట్ల అడిగితే లేని ఆలోచన వస్తాది గదా మేడమ్?"

"రాదమ్మా. అడిగితే ఉన్నది బయటికొస్తాది."

రోజూ అనిపిస్తోందా, ఎట్లా అని ఆలోచించావా, అందుకు కావలసింది ఇంట్లో ఉందా, ముందెప్పుడైనా ప్రయత్నించావా, అని ఒక్కొక్కటే నిదానంగా అడిగింది. చివరికి, "మరి నిన్ను ఆపుతున్నదేంది?" అంది.

"నా కూతురు రూతు" అన్నాను, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ప్రమాదమైనవన్నీ ఆ రోజే ఇంట్లోంచి తీసేయించింది, నన్ను ఒంటరిగా వదలొద్దని మరియమ్మకు చెప్పింది, మందులిచ్చి వారానికే మళ్లీ రమ్మంది. నా దేవుడు ఆ తల్లి నోట నన్ను పలకరించాడు, దేవునికే మహిమ! కానీ ఆ ఒక్క ప్రశ్న ఇన్ని ఆదివారాల్లో నా పక్కన కూర్చున్న మీలో ఒక్కరి నోటికీ ఎందుకు రాలేదు?

పోయిన వారం సంఘపెద్దే వచ్చి, "నాదే తప్పురా ఏసోబూ, ఇకమీదట చీటీలు నువ్వే చూడు" అని ప్రార్థన చీటీల డబ్బా నా ఒళ్లో పెట్టాడు. కాబట్టి ప్రియులారా, దేవుణ్ణి నమ్మండి, ఆయన పంపిన డాక్టర్ని కూడా నమ్మండి, చీటీలో నిజం రాయండి, అది నేను పైకి చదవను. 'కడుపునొప్పి' అని రాశారో, ఆ సాయంత్రమే మీ ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుంటాను, ఆ డాక్టరమ్మ అడిగిన మాటే అడుగుతాను, జవాబు చెప్పేదాకా లేవను.