దాలయ్య మావకు రెండు పిండాలు

మీరెప్పుడైనా ఒక మంచి పుస్తకం చదివి వినిపించి మనిషిని చావుకు దగ్గర చేశారా? నేను చేశాను. వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి; నాకైతే సగం దాకానే వస్తుంది.

అప్పట్లో పలాసలో పాత పుస్తకాలు తూకానికి దొరికేవి. మొదట లావుపాటి నవలలు చదివాను. వాటిలో ఎవరు చచ్చినా ఇక్కడ నేను మంచం పట్టేవాణ్ణి. తరువాత నక్షత్రాలు, జీవపరిణామం, మానవ శరీరం మీద తేలిక భాషలో రాసిన సైన్సు పుస్తకాలు చేతికొచ్చాయి. నవలల పిచ్చి కుదిరింది, సైన్సు తలకు చుట్టమన్నట్టయింది నా పని. నవలలు చదివినన్నాళ్లూ నేనే ఏడ్చాను. సైన్సు మొదలెట్టాక ఊరిని ఏడిపించాను. చచ్చినవాళ్లకు పిండాలు పెట్టడం దండగని టీ కొట్టు దగ్గర వాదించి వాదించి, టీ కంటే ముందు నేనే మరిగేవాణ్ణి.

సోంపేట దగ్గర మా మేనమామ దాలయ్యకు కొబ్బరి, జీడి తోట ఉండేది. ఆ ఏడు ఆయన కాళ్లు వాచాయి. పొద్దున లేచేసరికి మొహం నానబెట్టిన అటుకుల్లా ఉబ్బేది. కిడ్నీ జబ్బు ఇంటింటా తిరిగే మా ఉద్దానంలో ఆ వాపుకు అర్థం తెలియని ఇల్లు లేదు. టెక్కలి వెళ్లి రక్తం పరీక్ష చేయించుకోమంటే కదలడు. పరీక్షకు వెళ్లినవాళ్లే పోతున్నారని ఆయన వాదం. ఆ భయాన్ని పుస్తకంతో వదిలిస్తానని బయలుదేరాను.

ఊళ్లో చదువురాని ముసలమ్మ కూడా కిడ్నీ అనే అంటుంది. ఇంగ్లీషు మాట వాడనని నాకు పంతం. పుస్తకంలో ఉన్నట్టే మూత్రపిండాలు అన్నాను. అది మరీ పొడుగనిపించి, రెండో వాక్యం నుంచి ముందు సగం కోసేశాను.

"మావా, నీ పిండాలు రెండూ చెడిపోకముందే చూపించుకోవాలి."

మావ చుట్ట పక్కన పెట్టాడు. "ఎవులికి సూపించాలి?"

"డాక్టరుకి. పుట్టుకతోనే అందరికీ రెండేసి ఉంటాయి."

"పుట్టగానే పిండాలెట్టీసినారేటి నాకు?"

అత్త వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను ఆగుతానా? ఒకటి పోయినా రెండోదానితో నడిచిపోతుందని ధైర్యం చెప్పాను.

"సచ్చినోల్లకే పిండాలు దండగన్నావు. బతికున్నోడికి రెండంటన్నావేటి, అల్లుడా," అన్నాడు మావ నెమ్మదిగా.

అత్త కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నేను అజ్ఞానం మీద కోపంతో పుస్తకం మూసి వచ్చేశాను. చదువుకున్న మేనల్లుడే రోజులు దగ్గరపడ్డాయని చెప్పాడనుకున్నాడు మావ. జీడిపిక్కలు ఏరే కాలమంతా తోటవైపు వెళ్లకుండా మంచం మీదే ఉన్నాడు.

చివరికి పక్కింటాయన తన పరీక్షకు ఆటో మాట్లాడుకుని, కిడ్నీ చెడిపోకముందే చూపించుకుంటే మందులతో నెట్టుకురావచ్చు, రమ్మన్నాడు. మావ వెంటనే చొక్కా తొడుక్కున్నాడు. నేనూ ఎక్కాను. టెక్కలిలో డాక్టరు పరీక్ష కాగితం చూసి, ముందే తేవలసింది, ఇక విశాఖలో డయాలసిస్సే అన్నాడు. తిరుగుదారిలో మావ పలాస దాటాక అన్నాడు:

"కిడ్నీ అంటే నీ నోరరిగిపోద్దేటిరా?"

విశాఖలో ఆయన చేతికి సూదులు గుచ్చించుకుని పడుకుని ఉంటే, బుద్ధిలేక మళ్లీ సైన్సు పుస్తకం తీయబోయాను.

"నవలే సదువు. అందులో సచ్చినోల్లు మనకి తెలిసినోల్లు కారు," అన్నాడు.

నవల సగంలో ఉండగానే మావ పోయాడు. మిగతా సగం నేనింకా చదవలేదు.

అందుచేత సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: వినేవాడికి తెలియని మాటతో ఇక ఎవరి ప్రాణమూ కాపాడబోను.

మీ ఇంట్లో కాళ్లు వాచినవాళ్లున్నారా? అయితే ఇది పక్కన పడేయండి. వాళ్లకు తెలిసిన మాటలోనే విషయం చెప్పి, రేపు మొదటి బస్సు ఎక్కించండి.