ఎర్ర చీటి ప్లేటు

మొన్న మా అమ్మాయి తన ఫోనులో ఒక పాట పెట్టి, నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ కేకల ఇంగ్లీషు పాట, హార్డ్‌కోర్ పంక్ ఇదే కదా నాన్నా అని వినిపిస్తే, పేరు అదే, కేకలూ అవే, అయినా అది మా పాట కాదని ఆ పిల్లకు ఎలా చెప్పాలో తెలియలేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రికార్డును ప్లేటు అనేవాళ్లం. కుత్బుల్లాపూర్‌లో రేకులు వంచే ప్రెస్సు మీద పనిచేసే మా అన్న, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న నడుమ ఎర్ర కాగితపు చీటి ఉన్న ఆ పాట తాలూకు చిన్న ప్లేటును అల్వాల్‌లోని మా ఇంటి పాత ప్లేయరు మీద ఎన్ని వందలసార్లు పెట్టాడో. తర్వాత పెళ్లిళ్లు, పిల్లలు, ప్లేయరు పాడైంది, ప్లేటు అటకెక్కింది, ఇద్దరమూ మరిచిపోయాం.

రెండువేల పదకొండులో ఇంటికి రంగులు వేయిస్తూ, అటక మీది సంచీని విప్పి చూడకుండానే మేడ్చల్‌లో పాత సామాన్ల దుకాణంలో పడేసి వచ్చిన ఘనుణ్ణి నేనే. వారం తిరగకుండానే, ప్రెస్సు చప్పుడుకు అన్న చెవులు పాడయ్యాయనీ, మిగిలిన కాస్త వినికిడీ కొన్ని నెలలేననీ డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి అన్న అడిగింది ఒక్కటే. "గా ఎర్ర చీటి ప్లేటు ఉన్నదారా? ఒక్కసారి ఇనాలె." ఉందన్నాను. అన్నతో అంత పచ్చి అబద్ధం అంతకుముందెన్నడూ ఆడలేదు.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి ఉరికితే ఆ యజమాని తీరిగ్గా, "షామీర్‌పేటకు పంపిన భాయ్. మా అమ్మీ పాత ప్లేట్లను వేడినీళ్లల్ల ముంచి, మెత్తగయినంక వంచి పూలగిన్నెలు జేస్తది. జల్దీ పో," అన్నాడు. స్కూటరు మీద దారి పొడవునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. వాళ్ల వాకిట్లో, అంచులు మడతలు పడ్డ నల్లటి గిన్నెలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఒక్కో గిన్నె అడుగున చీటి రంగు చూసుకుంటూ పోయాను, నీలం, పసుపు, మళ్లీ నీలం. తలెత్తితే, పెద్దావిడ పట్టకారుతో మరిగే నీళ్లలోకి దించుతున్న చిన్న ప్లేటుకు చీటి ఎర్రగా ఉంది. ఉత్త చేత్తోనే లాగేశాను. ఆవిడ బిత్తరపోయి, "చెయ్యి కాల్తది బేటా. పరేషాన్ గాకు, తీస్కపో," అంటూ కొంగుతో తుడిచి ఇచ్చింది. అంచు కొద్దిగా వంగింది, అంతే.

అల్వాల్‌లో రేడియోలు బాగుచేసే ఆయన్ని అడిగి మంచి ప్లేయరు తెచ్చాను. స్పీకరు డబ్బాకు చెవి ఆనించి విన్న అన్న మొహం చిన్నబోయింది. "గిది గాదురా. గింత ఉరుకులాట లేకుండె." నా ప్రాణం ఉసూరుమంది. ఇంకెవరి ప్లేటో తెచ్చానా అనుకుంటుండగా, వేగం మీట నిమిషానికి నలభై ఐదు చుట్ల మీద ఉండటం చూశాను. చీటి మీద రాసిందీ అదే. కానీ మా పాత ప్లేయరు మీట ముప్పైమూడు దగ్గరే బిగుసుకుపోయి ఉండేది, అంటే ఇన్నేళ్లూ మేము నెమ్మదిగా విన్నదే తప్పు వేగం. మీటను ముప్పైమూడుకు జరిపాను. కేకలు ఏడుపులాగా సాగాయి. అన్న వేలు బల్ల మీద దరువు వేయడం మొదలుపెట్టింది. నేను పక్క గదిలోకి వెళ్లి ఏడ్చాను.

మరుసటి వానాకాలానికల్లా అన్నకు ఏమీ వినబడకుండా పోయింది. రెండువేల పద్నాలుగు దాకా అలాంటి ప్లేట్లు ఎక్కడ దొరికినా తెచ్చి పెట్టేవాణ్ణి, అన్న స్పీకరు డబ్బా మీద అరచెయ్యి ఆనించి ఆ అదురు పట్టుకుంటూ కూర్చునేవాడు. ఇప్పుడు అన్న లేడు. లోకంలోని పాటలన్నీ ఫోనులోనే ఉన్నాయట, అన్నీ సరైన వేగంతోనే. మా అన్న అడిగిన పాట మాత్రం అందులో లేదు.