ట్రాక్టర్ బ్యాటరీ, జోగమ్మ నాడి

1984, వానాకాలం. ఖమ్మంలో నాకు బ్యాటరీల కొట్టు ఉండేది. భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఒక వైర్‌లెస్ పోస్టుకు అప్పుడప్పుడూ వెళ్ళి, అక్కడి బ్యాటరీ చూసి రావడం కూడా నా పనే. ఆ ఉదయం నేను పోస్టుకు చేరానో లేదో, వెనకాల వాగు పొంగి దారి మూసుకుపోయింది. అంతకుముందే గాలివానకు స్తంభాలు కూలి ఊళ్ళో కరెంటు లేదు. అంటే బ్యాటరీకి చార్జింగూ లేదు.

కాసేపటికి పక్కనే ఉన్న సబ్ సెంటర్ నుంచి నర్సు సరోజన సిస్టర్ పరుగున వచ్చింది. జోగమ్మ అనే కోయ ఇల్లాలికి తెల్లవారుజామున కాన్పయింది. బిడ్డ క్షేమమే. మాయ మాత్రం పడలేదు, నెత్తురు ఆగడం లేదు. ఎలాగైనా భద్రాచలం పెద్ద దవాఖానాకు చేర్చాలి. దారి లేదు కాబట్టి గోదావరి మీద లాంచి రావాలి. లాంచి రావాలంటే వైర్‌లెస్‌లో కబురు పోవాలి.

ఆపరేటర్ యాదగిరి మాట్లాడే బటన్ నొక్కాడు. సెట్టు మీది దీపం మసకబారింది.

"బ్యాటరీ అయిపోయినట్టుందన్నా. భద్రాచలం వాళ్ళు గంటకొక్కసారే మన పిలుపు వింటరు. ఆ టైం దగ్గరపడ్డది" అన్నాడు.  

కబురు ఊళ్ళోకి పాకింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప వేస్తున్న సుబ్బారావు గారు తన ట్రాక్టర్ బ్యాటరీ ఊడదీయించి మోయించుకొచ్చారు. లారీ వాళ్ళకూ ట్రాక్టర్ వాళ్ళకూ ఒక అలవాటుంది. వైరు ముక్కతో బ్యాటరీ రెండు కొసలూ తాకించి రవ్వ చూస్తారు. రవ్వ ఎంత పెద్దదైతే బ్యాటరీ అంత గట్టిదని నమ్మకం. ఆయనా అదే చేశారు. టప్పుమని పెద్ద రవ్వ ఎగిరింది. మా బ్యాటరీకి తాకిస్తే చిటుక్కుమని ఊరుకుంది.

"చూశావా, ఏది పనికొస్తుందో చిన్నపిల్లాడైనా చెబుతాడు. త్వరగా నాది తగిలించవయ్యా" అన్నారు. అందరూ తలలూపారు. నేనూ స్పానర్ అందుకున్నాను.

సరిగ్గా అప్పుడే పక్క వరండాలోంచి జోగమ్మ భర్త ముత్తయ్య మాట వినబడింది. ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"నాడి మస్తు జోరుగ కొట్టుకుంటాంది సిస్టరమ్మా. బలం ఉన్నట్టే గద?"

"బలం కాదు ముత్తయ్యా. లోపల నెత్తురు తగ్గుతాంది, అందుకే గుండె గట్ల ఉరుకుతాంది. జోరు చూసి మురవకు" అంది సిస్టర్.

నా చెయ్యి ఆగిపోయింది. సంచిలోంచి హైడ్రోమీటర్ తీశాను. బ్యాటరీలోని యాసిడ్‌ను కొంచెం పీల్చి, అది ఎంత చిక్కగా ఉందో చూపే గాజు గొట్టం అది. చార్జ్ తరిగేకొద్దీ యాసిడ్ పలచబడుతుంది.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. కుళాయి ఎంత జోరుగా పోస్తోందన్నది కరెంటు, దాని కొలత ఆంపియర్. బిందెలోకి మొత్తం ఎన్ని నీళ్ళు చేరాయన్నది చార్జ్, దాని కొలత కూలుంబ్. ఒక ఆంపియర్ చొప్పున ఒక సెకను పారితే ఒక కూలుంబ్. కొట్లో అంత చిన్న కొలత మాకు ఆనదు, అందుకే ఆంపియర్-అవర్ అంటాం. ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు పారితే వచ్చే చార్జ్ అది, అంటే మూడువేల ఆరువందల కూలుంబ్‌లు. రవ్వ చూపేది ఆ క్షణాన దూకిన జోరును మాత్రమే. బిందె అడుగున ఎన్ని నీళ్ళున్నాయో అది చెప్పదు.

ట్రాక్టర్ బ్యాటరీలో యాసిడ్ దాదాపు నీళ్ళలా ఉంది. అడిగితే, కరెంటు పోయినప్పటినుంచీ ఇంట్లో బల్బు దాంతోనే వెలిగిస్తున్నామన్నారు సుబ్బారావు గారు. మా బ్యాటరీలో సగానికి పైగా చార్జ్ ఉంది. కొసల మీద తెల్లగా పేరుకున్న చిలుము కరెంటును పారనివ్వడం లేదు, అంతే.

"మనదే పెడదాం యాదగిరీ."

"కళ్ళారా చూసిన రవ్వ అబద్ధమా ఏంటయ్యా? అవతల మనిషి ప్రాణం" అన్నారు సుబ్బారావు గారు. ఆయన కోపంలో న్యాయముంది. యాదగిరి నా వంక చూశాడు.

"అన్నా, మాట నడుమ సెట్టు బందైతే మళ్ళ గంట ఆగాలె. ఆమె గంట ఆగుతదా?"

గాజు గొట్టం అబద్ధం చెప్పదని తెలుసు. సిస్టర్ దగ్గరి వేడినీళ్ళు పోసి, చాకుతో కొసలు గీకి శుభ్రం చేశాను. వైర్లు మళ్ళీ బిగించాను.

యాదగిరి బటన్ నొక్కాడు. దీపం నిలబడింది. భద్రాచలం పలికింది. ఏ రేవని అడిగారు, వినబడలేదని మళ్ళీ అడిగారు. అతను చెబుతున్నంతసేపూ నేను ఆ దీపాన్నే చూస్తూ నిలబడ్డాను. చివరికి "లాంచి వస్తుంది" అన్నారు.

లాంచి వచ్చేదాకా ఎవరూ నీళ్ళు కూడా ముట్టలేదు. జోగమ్మను మంచం మీద మోసుకెళ్ళి ఎక్కించేటప్పటికి ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది, కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి.

లాంచి కనుమరుగయ్యాక సుబ్బారావు గారు మెల్లగా అన్నారు, "ఒక్కసారి నాది తగిలించి చూడవయ్యా."

తగిలించాను. యాదగిరి బటన్ నొక్కి "హలో, భద్రాచ..." అనేలోపే దీపం ఆరిపోయింది. సుబ్బారావు గారు మెట్టు మీద కూర్చున్నారు. "ఇదే పెట్టుంటే..." అన్నారు.

జోగమ్మ బతికింది. బిడ్డనెత్తుకుని ఊరికి తిరిగొచ్చిందని యాదగిరి చెప్పినప్పుడు, కొట్టుకు వచ్చినవాళ్ళ ముందే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత జోరుగా వస్తోందని కాదు, ఇంకా ఎంత మిగిలిందని అడగాలి. బ్యాటరీల వాడిగా నేను పదిమందికి చెప్పాల్సిన ఆ మాటను ఆ రోజు నాకు గుర్తుచేసింది, ఒక ఆడమనిషి ప్రాణం నిలపడానికి పెనుగులాడుతున్న నర్సు.