కవరు మీద అక్క చిరునామా

కొత్తగా కంప్యూటరు కొన్న ఏడాది నేను నేర్చుకున్న పనుల్లో నాకు ఎక్కువ గర్వం తెచ్చిపెట్టింది కవరు మీద చిరునామా అచ్చువేయడం. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాములోనే కవర్లకి వేరే చోటు ఉంటుంది. ఒక గడిలో అవతలివాళ్ల చిరునామా, ఇంకో గడిలో మనది టైపు చేసి, కవరు కొలత ఎంచుకుని, ప్రింటరులో పెడితే సరి. మొదటిరోజు పది కవర్లు పాడుచేశాను. కొన్నింటి మీద చిరునామా తలకిందులుగా పడింది. రెండింటికి జిగురు మడత మీద పడింది. పదకొండోది సరిగ్గా వచ్చేసరికి మా ఆవిడని వంటింట్లోంచి పిలిచి చూపించాను.

"బాగుందండి. మీ దస్తూరీ కంటే నయం," అంది.

ఆ కవరుని ఉత్తరంతో కలిపి ఒకే ఫైలుగా దాచుకోవచ్చని తెలిశాక ఇక నన్ను పట్టేవాళ్లు లేకపోయారు. దగ్గరి బంధువుల్లో ఇంటికొక ఫైలు. తెరిస్తే మొదటి పేజీ కవరు, రెండో పేజీ ఉత్తరం. శుభకార్యం మారినప్పుడల్లా ఉత్తరంలో రెండు ముక్కలూ తేదీ మారిస్తే చాలు, కవరు జోలికి వెళ్లే పనే లేదు. అబ్బాయి ఒడుగుకి అలాగే పంపాను. అమ్మాయి ఓణీలకి, నేను రిటైరయినప్పుడు చేసుకున్న వ్రతానికి, ప్రతి ఉగాదికీ అలాగే పంపాను.

మా వైపు దగ్గరివాళ్లని శుభకార్యానికి ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. పోస్టులో కార్డు వచ్చిందంటే దూరపు చుట్టంగా చూసినట్టే. ఇది నాకు తెలియక కాదు. మా ఆవిడ ప్రతిసారీ, "వదినగారినైనా వెళ్లి పిలుద్దామండి," అనేది. ఆఫీసు, ఎండ, బస్సులో జనం, ప్రతిసారీ నా దగ్గర ఒక సాకు ఉండేది. "కవరు వెళ్లింది కదా, ఫోను కూడా చేస్తాలే," అనేవాణ్ణి. చేసేవాణ్ణి. అక్క వచ్చేది. వచ్చిందిగా, ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి. వచ్చినవాళ్ల మనసులో ఏముందో అడిగే అలవాటు నాకు లేదు.

కిందటేడు మేముండే రాజమండ్రిలోనే ఫ్లాటు కొనుక్కున్నాం. గృహప్రవేశానికి ఆడపడుచు వచ్చి పొయ్యి వెలిగించి పాలు పొంగించాలి. నాకున్నది ఒక్కతే అక్క, నరసాపురంలో. ఆవిడకి పెట్టాల్సిన చీర కోసం మా ఆవిడ ఉప్పాడ దాకా వెళ్లి, మగ్గం దగ్గర కూర్చుని రంగు ఎంచుకుని వచ్చింది. నేను మాత్రం ఫైలు తెరిచి, ముక్కలు మార్చి, కవరు అచ్చువేసి పోస్టు చేశాను. అయిదో రోజున అక్క ఫోను చేసింది.

"ఒరే, నీ కవరు అందింది."

"సంతోషం అక్కా. రెండు రోజులు ముందే వచ్చెయ్యి."

"నేనెందుకురా? నువ్వు కవరు పంపావు, నేనూ ఒక కవరు పంపిస్తాను. పాలు అదే పొంగిస్తుందిలే."

నవ్వాను. అటువైపు నవ్వు లేదు. ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే బావగారు తీసి, "పూజలో ఉందోయ్," అన్నారు. మధ్యాహ్నం చేసినా పూజే, సాయంత్రం చేసినా పూజే. అక్క రాకపోతే పాలు పొంగించే చెయ్యి నాకు ఇంకొకటి లేదు. ఆ సంగతి నాకంటే అక్కకి బాగా తెలుసు.

మా ఆవిడ ఆ రాత్రే కుంకుమభరిణె, పళ్లు, కొబ్బరికాయ సంచిలో సర్ది, "పొద్దున్న బస్సుకి వెళ్తున్నాం," అంది. నేను దారి కోసం అక్క కవరు ఇంకొకటి అచ్చువేసుకుని జేబులో పెట్టుకున్నాను.

నరసాపురంలో దిగి ఆటో అతనికి ఆ కవరు చదివి వినిపించాను. ఆటో ఆగిన ఇంటి అరుగు మీద ఒకావిడ లేసు అల్లుతోంది. ఎవరో తెలియదు.

"మాస్టారి ఇల్లు ఇదే కదండీ?" అన్నాను. మా బావగారు ఊళ్లో అందరికీ మాస్టారే.

ఆవిడ చేతిపని ఆపి నన్నూ, మా ఆవిడ చేతిలో సంచినీ చూసింది. "వాళ్లు ఇల్లు మారి ఆరేళ్లవుతోందండి. రాజమండ్రి తమ్ముడు గారా?"

"అవునండి. మీకెలా తెలుసండీ?"

"మీ కవర్లు మా గుమ్మం దాకా వస్తాయి కదండీ. పోస్టుమ్యాన్ గారు చూసి, 'ఇది ఆ తమ్ముడు గారిదే' అనుకుని రెండు వీధుల అవతలకి పట్టుకెళ్లి ఇస్తారు. అచ్చులో ఉంటాయి కాబట్టి దూరం నుంచే తెలిసిపోతుందంటారు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందేమో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రెండు వీధులూ నడుస్తుంటే గుర్తొచ్చింది. ఇల్లు మారుతున్నామని అక్క ఫోనులో చెప్పింది. "మంచిదక్కా," అన్నాను కూడా. ఎక్కడా రాసుకోలేదు, ఫైలులో మార్చలేదు, కొత్త ఇల్లు చూడ్డానికి రాలేదు. ఆరేళ్లపాటు ఎవరో పోస్టుమ్యాన్ నా బాధ్యత మోశాడు. చేత్తో రాసే రోజుల్లో అయితే ఇంటి నంబరు మర్చిపోయి అక్కనే అడిగేవాణ్ణి. అడిగితే కాసేపు మాటలు నడిచేవి. కంప్యూటరు నేను దాచమన్నది దాచింది, అంతే. ఆ అడగడం తప్పించుకున్నది నేను.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"దారి తెలిసిందా?"

"అడుక్కుంటూ వచ్చానక్కా."

"ఎవర్ని? పాత ఇంట్లో ఆవిడనేనా?"

"ఆవిడనే."

లోపల్నుంచి బావగారు, "అయితే ఇక పూజ అయిపోయినట్టేనా?" అన్నారు. అక్క ముఖం గట్టిగా పెట్టుకోవాలని చూసింది కానీ పెదవి చివర వదులైపోయింది.

"ఆరేళ్లయిందక్కా, నీ ఇంటికి వచ్చి," అన్నాను.

"ఎనిమిది. పాత ఇంటికి మాత్రం ఆఖరి రెండేళ్లూ వచ్చావా ఏంటి?"

"రాలేదక్కా. నాదే తప్పు."

"తప్పేరా. సర్లే, పక్కకి జరుగు, మరదల్ని బొట్టు పెట్టనీ."

మా ఆవిడ బొట్టు పెట్టి పళ్లు చేతిలో పెట్టింది. నేను, "అక్కా, నువ్వొచ్చి పాలు పొంగించాలి," అన్నాను. ఉత్తరంలో అచ్చువేసి పంపిన మాటే అది. మనిషి ఎదురుగా నిలబడి అనడం మాత్రం ఇదే మొదటిసారి. అక్క వెంటనే మంచినీళ్ల వంకతో లోపలికి వెళ్లిపోయింది. వచ్చేసరికి ఆవిడ ముక్కు ఎర్రగా ఉంది.

"వస్తాన్లే. ఈ ఊళ్లో ఇంకా ఎంతమందికి పంపావు కవర్లు?"

"నలుగురికి."

"పద, వాళ్లనీ పిలుద్దాం. నేను లేకపోతే మళ్లీ ఎవరింటికో వెళ్లి నిలబడతావు."

ఆ మధ్యాహ్నం నాలుగిళ్లూ తిరిగాం. గుమ్మం ఎక్కిన ప్రతిచోటా అక్క, "కవర్ల తమ్ముడు వచ్చాడర్రా," అని కేకేసింది. ముసలి పిన్ని ఒకావిడ నా గడ్డం పట్టుకుని, "మనిషివి కూడా ఉన్నావా నాయనా, కవర్లొక్కటే అనుకున్నాను," అంది. కజ్జికాయలు, జంతికలు, పెసరట్లు, మళ్లీ కజ్జికాయలు. నాలుగో ఇంట్లో మజ్జిగ కూడా పట్టలేదు. అన్నేళ్లు ఇంత సుఖాన్ని అయిదు రూపాయల స్టాంపు అంటించి వదిలించుకున్నానన్న మాట.

బస్సెక్కించేటప్పుడు అక్క కొత్త ఇంటి నంబరు చెప్పి నా చేత ఫోనులో రాయించింది. "నీ ఫైలులో మార్చుకో. శుభకార్యాలకి మాత్రం వాడకు. ఊరికే ఉత్తరం రాయాలనిపిస్తే రాయి," అంది. ఇప్పుడు నెలకొకటి రాస్తున్నాను. కవరు ఎలాగూ తయారుగా ఉంటుంది కాబట్టి బద్ధకానికి సాకు దొరకదు.

గృహప్రవేశానికి అక్క రెండు రోజులు ముందే వచ్చింది. ఆ తెల్లవారుజామున ఉప్పాడ చీర కట్టుకుని కొత్త పొయ్యి ముందు నిలబడి, గిన్నె నిండా పాలు పోసి మంట సన్నగా పెట్టింది. అందరం చుట్టూ మూగాం. పాలు గిన్నె అంచు దాకా లేచి, ఒక్క క్షణం ఆగి, తూర్పు వైపుకి పొర్లాయి. మా ఆవిడ పొయ్యి కట్టేయబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండవే, బాగా పొంగనీ."

తెల్లటి వంటగట్టంతా తడిసి, పాలు నా కాళ్ల మీదికి వెచ్చగా కారుతున్నాయి. నేను అక్కడి నుంచి కదల్లేదు.